రాజులమ్మ లారీకి వైపరు జబ్బు

టెక్కలిలో రోడ్డు పక్కన తవిటయ్య లారీ షెడ్డు. మార్గశిర మాసం. రెండు రోజుల ముసురు విడిచి ఎండ కాసిన మధ్యాహ్నం. కొబ్బరితోటలున్న రాజులమ్మ కాయలు మోసే, యుద్ధం నాటి పాత లారీ, దాని ముందు మెకానిక్కు తవిటయ్య, డ్రైవరు సూర్యారావు.

"ఇంకోపాలి సూడు మావా. ఒక్కపాలి తిప్పీసి బాగుందనీకు."

"ఒక్కపాలేట్రా సూరీ? పొద్దున్నుంచి తిప్పుతానే ఉన్నాను. అదిగో, సూడు. వైపరు లేగదూడ తోకలాగ ఆడతంది."

"అదే మావా నా కర్మ. నీ కాడ ఆడతాది, నా కాడ ఆడదు. తెల్లారగట్ల ముసురులో సూడాల దీని సోద్యం. ఇటునుంచి అటెల్లి అక్కడ తొంగుంటాది. మల్లీ ఇటు రావాలా వద్దా అని ఆలోచించుకుంటాది. ఈలోగా అద్దం నిండా నీళ్ళు. ముందు గేదుందో నీళ్ళ గెడ్డుందో నాకేటి కనిపిస్తాది?"

"అందుకని రావివలస కాడ ఆపీసి టీ తాగుతావు."

"నువ్వూ అదే అంటావేటి? టీ కోసం ఆపట్లేదు. ఆపేను గాబట్టి టీ తాగుతన్నాను. ఎండెక్కితే అదే ఆడతాది. అప్పుడెల్తాను. నేను సిక్కోలు ఎల్లేసరికి కాయలు కొనీవోళ్ళు ఎవులిళ్ళకి ఆళ్ళు ఎల్లిపోతన్నారు. లోడు మల్లీ ఎనక్కి తోలుకొత్తన్నాను."

"మరి రాజులమ్మ ఏటంది?"

"ఏటంటాది? ఇయ్యాల తేలిపోవాలంది. జబ్బు వైపరుదైతే నేనుంటాను. జబ్బు నాదైతే రేపట్నుంచి పలాస డ్రైవరొకడు వత్తాడు. ఆడికి మాట కూడా ఇచ్చీసిందట. మావా, నా బతుకు నీ పానా మీదుంది."

"ఊరుకోరా. ఆవిడ మాటకి అలగే అంటాది. ఇంతకీ... తనూ వచ్చిందా?"

"వచ్చింది. బజార్లో బెల్లం బేరమాడతంది."

"కేబిన్లోనే కూకొని వచ్చిందా?"

"మరి కాయల మీద కూకుంటాదేటి? ఎందుకడిగేవు?"

"ఉత్తినే. ఆ పక్క సీటు స్ప్రింగు గుచ్చుతాదని గేపకం."

"నేను ఈ లారీ తోలబట్టి ఇన్నేళ్ళయింది. నాకు గుచ్చుతాదో లేదో ఎప్పుడూ అడగలేదు నువ్వు. మావా, ఇయ్యాల గెడ్డం గీసుకున్నావేటి?"

"దురదెట్టింది."

"సొక్కా కూడా ఉతికిందే. గ్రీజు పనికి ఉతికిన సొక్కా ఏసుకున్నోడిని నిన్నే సూడ్డం."

"నా సొక్కా సంగతి నీకెందుకురా? నీ కొలువు సంగతి సూసుకో. ఈ వైపరుకి కరెంటూ గిరెంటూ లేదు. ఇంజను పీల్సే గాలే దీనికి పేనం. ఇదిగో ఈ రబ్బరు గొట్టంలోంచి ఇంజను గాలి పీలుస్తాది. పైన ఈ డబ్బాలో తోలు రెక్కొకటి అటూ ఇటూ కొట్టుకుంటాది. దాంతోపాటు బయట వైపరు సెయ్యి ఆడతాది. పీల్పు తగ్గిందంటే వైపరు మందగిస్తాది. అంతే."

"అయితే పీల్పు తగ్గిందని సెప్పీ మావా."

"తగ్గలేదు గదరా."

"తగ్గిందని సెప్తే నీ సొమ్మేటి పోయింది?"

"ఆవిడకి అబద్దం సెప్తే ఊరుకుంటాదేటి? వేలెట్టి సూత్తాది."

"అదిగో వత్తంది. సంచీ నువ్వే అందుకో మావా, కొంచెం నచ్చుతావు. నన్ను కాసుకో."

"ఏటి సూర్రావూ, తేలిందా? నా బెల్లం బేరం అయిపోయింది, నీ వైపరు కత అవ్వలేదు."

"తేలతంది అప్పా. మావ సూత్తన్నాడు."

"మేస్త్రీ, ఏటంటాది నా లారీ?"

"ఆ... బాగుందండి. అంటే, బాగోలేదండి."

"రెండిట్లో ఏదో ఒకటి సెప్పు. పొద్దుగూకేలోగా నేను ఉద్దానం ఎల్లాల."

"ఇప్పుడు బాగుందండి. అప్పుడు బాగోలేదండి."

"సూర్రావూ, మీ మావకి జొరమేటి?"

"లేదప్పా. నువ్వొచ్చినప్పుడే ఇలగ మాటాడతాడు. మామూలప్పుడు లాయరుకే పాఠం సెప్తాడు."

"సూరీ, నువ్వు స్టార్టింగు కొట్టు ముందు."

"ఉండు సూర్రావూ. మేస్త్రీ, నాకో సందేహం. టెక్కలి నుంచి పలాస దాకా అందరూ నన్ను అక్కననుకుని అప్పా అంటారు. సిన్నోళ్ళు అమ్మా అంటారు. నువ్వొక్కడివే ఏటీ అనవు. అండి అంటావు. నాకో వరసే లేనట్టు."

"అంటే... లారీ పని గదండి. సుట్టరికాలెందుకని."

"అదేటి మావా? నిన్న సేపలమ్మే ఆవిడ్ని కూడా అప్పా అన్నావు. ఆవిడ నీకు కూతురీడుది."

"స్టార్టింగు కొట్టమన్నానా లేదా?"

"కొడతన్నాను, కొడతన్నాను. ఇదిగో. సూడప్పా."

"సూత్తన్నాను. ఎంత బేగి ఆడతందో. సూర్రావూ, దీనికి జబ్బేటి? నాకంటే పుష్టిగా ఉంది."

"ఒక్క ముక్క సెప్తానండి. ఏక్సిలేటరు గట్టిగా తొక్కితే ఇంజను పీల్పు తగ్గిపోద్ది. ఎత్తు ఎక్కినప్పుడు వైపరు మందగించడం ఈ రకం లారీలకి ఉన్నదే."

"మా ఇంటాయన మిలిటరీవోళ్ళ ఏలంలో ఈ లారీ పాడినప్పట్నుంచి నాకు తెలుసది. ఎత్తు కాడ కాలు ఒకపాలి తీసి మల్లీ తొక్కీవోడు, వైపరు ఒక విసురు విసిరీది. ఆయన పోయేక సూర్రావూ అలగే తోలేడు. అది పాత జబ్బు. నేనడిగింది కొత్త జబ్బు."

"అయితే రబ్బరు గొట్టం పగిలుంటాదండి."

"దీపాల పండక్కి ముందు గొట్టం నువ్వే మార్సేవు గదా."

"అవునవును. నేనే మార్సేను."

"నువ్వు మార్సింది అప్పుడే పగిలిపోయిందా?"

"పగలదండి. మంచి రబ్బరు."

"సూర్రావూ, గొట్టం కొస తీసి వేలెట్టు."

"ఎడతన్నాను అప్పా. ఓలమ్మ, జలగలాగ పట్టీసింది. లాగుతంటే రావట్లేదు. మావా, ఇంజను ఆపు."

"అంటే పీల్పు బాగుంది. ఇంకేటి మేస్త్రీ?"

"మరి మీది ఉద్దానం గదండి. సముద్రం కాడ ఉప్పుగాలి. ఇనుముకి మంచిది కాదు."

"ఉప్పుగాలికి వేళలుంటాయేటి? తెల్లారగట్ల పట్టి మధ్యాన్నం ఒగ్గెత్తాదా?"

"ఒగ్గదండి."

"మరింక మిగిలిందేటి? అద్దం మీద ఒక సుక్క పడితే బండి ఆపీవోడు మా సూర్రావు. భయస్తుడని ఎరిగే ఆడికి లారీ అప్పగించేను, ఏ గెడ్డలోనూ పడీడని. గాని భయం ఎక్కువై ఇప్పుడు రావివలస కాడ కాపరం పెట్టేడు. సూర్రావూ, తాళం ఇలగియ్యి."

"అప్పా, తాళం అడగొద్దప్పా. నాకు ఈ లారీ తోలడం తప్ప ఏటీ రాదు. మా ఇంటిది కడుపుతో ఉంది. కొలువు పోయిందని దానికెలగ సెప్పాల? నేను అబద్దం ఆడట్లేదు. మావా, సెప్పవేటి? రాయిలాగ నిలబడ్డావు."

"సెప్తాను రా. ఆలోచిత్తన్నాను."

"ఆలోచించడానికేటుంది? ఎండుంటే ఆడతాది, సలేత్తే ఆడదు. ముసలోళ్ళ మోకాళ్ళలాగ. అప్పా, దీనికి సలి పడదు. అంతే."

"సలా? ఆ మాట బాగుంది. మేస్త్రీ, సలికి బిగుసుకుపోయేది ఆ డబ్బాలో ఏటుంటాది?"

"ఏటీ... తోలు రెక్కండి. తోలు సలికి కొంచెం..."

"కొంచెం ఏటి?"

"ముడుసుకుంటాదేమోనండి."

"నా సెప్పులూ తోలే. సలికి ముడుసుకోడం ఎప్పుడూ సూళ్ళేదు. సర్లే. తెల్లారగట్లే రావాలంటే నాకు కుదరదు గాబట్టి, తెల్లారగట్లనే ఇక్కడికి తెప్పిద్దాం. నీ కుండలో నీళ్ళు సల్లగా ఉన్నాయా?"

"ఉన్నాయి గాని, ఎందుకండి?"

"గోనె గుడ్డ తడిపి ఆ డబ్బా మీద కప్పు."

"నీళ్ళు లోనికి దిగిపోతాయండి."

"వానలో తిరిగీ లారీకి కుండనీళ్ళు భయమేటి? సూర్రావూ, నువ్వు కప్పు. మేస్త్రీ సేతులు ఎందుకో ముందుకి రావట్లేదు."

"కప్పేను అప్పా. ఇంకో సెంబు కూడా పోసేను. నీడకి కూడా తోసీదాం."

"తోసీండి. అది సల్లబడే దాకా కూకుందాం. మేస్త్రీ, నువ్వూ కూకో. తలనొప్పి తగ్గిందా?"

"ఏ తలనొప్పండి?"

"దీపాల ముందు వచ్చినప్పుడు తలనొప్పన్నావు గదా. మర్నాడు ఇటెల్తా నూని సీసా నేనే ఇచ్చేను."

"ఆ, ఆ తలనొప్పా. తగ్గిందండి. శానా మంచి నూని."

"మావకి నూనెందుకు అప్పా? రాయడానికి నెత్తిమీద జుట్టేది?"

"జుట్టుకి కాదు సూర్రావూ, మాడుకి. మా తోట కాయలే ఎండబెట్టి, గానుగాడించి, మరువం ఏసి నేనే కాసేను. సీసా ఉందా మేస్త్రీ?"

"అయిపోయిందండి."

"అంత బేగా?"

"రోజూ రాసేనండి."

"అందుకే మాడు అంత మెరుత్తంది. నవ్వీకు సూర్రావూ, నీ తాళం ఇంకా నీది కాలేదు."

"నవ్వట్లేదప్పా. నాకు ఏడుపొత్తంది. నవ్వులాగ కనబడతందేమో. మావా, గుడ్డ తీసీనా?"

"ఇంకాసేపు ఉంచరా."

"మరీ ఉంచితే మల్లీ ఎండొచ్చీత్తాది. తీసీ సూర్రావూ. స్టార్టింగు కొట్టు. వైపరు తిప్పు."

"తిప్పేను... అదిగో. అదిగో సూడప్పా. సగం దాకా ఎల్లి ఆగిపోయింది. సూడు, సూడు, ఎలగ మూలుగుతందో. మావా, సూసేవా? నేను సెప్పేనా లేదా? అప్పా, నేను అబద్దమాడేనా?"

"లేదు సూర్రావూ. నువ్వు ఆడలేదు."

"దేవుడా. వైపరు పాడైతే ఇంత సంతోషించినోడిని నేనొక్కడినే. తొంగో తల్లీ, అక్కడే తొంగో."

"మరి మేస్త్రీ, నీకు సంతోషంగా లేదేటి?"

"ఎందుకు లేదండి. సూరీ కొలువు నిలబడింది. శానా సంతోషం. మీరు నిమ్మళంగా ఎల్లండి, నేను దీన్ని విప్పి సూసి..."

"ఇప్పుడే విప్పు."

"గాలికి దుమ్ము లేత్తందండి. రేపు పొద్దున్నే..."

"రేపు పొద్దున్నే పలాసోడు వచ్చి నా గుమ్మంలో కూకుంటాడు. ఆడికేటి సెప్పాలో నాకు ఇప్పుడే తెలియాల. విప్పు."

"నేను పట్టుకుంటాను మావా. స్క్రూడ్రైవరు ఇలగియ్యి. నీ సేతులెందుకు సంకల్లో దాసుకున్నావు?"

"సలి రా."

"ఈ ఎండలోనా?"

"తడి గుడ్డ ముట్టుకున్నాను గదా."

"గుడ్డ ముట్టుకున్నది నేను. సర్లే, తిప్పు. ఈ మర వచ్చింది. ఇది కూడా వచ్చింది. మూత లాగు... ఓలమ్మ. ఇదేటి మావా, తెల్లగా?"

"గ్రీజు."

"గ్రీజు తెల్లగుంటాదేటి?"

"మిలిటరీ గ్రీజు."

"ఎన్నేళ్ళ నాటి గ్రీజు ఇంత తాజాగా ఉందేటి? వేలితో నొక్కితే కరిగిపోతంది. నేతిలాగ పేరుకుపోయింది. మావా, ఇది కొబ్బరి నూని గదా?"

"ఉండొచ్చు."

"ఉండొచ్చేటి? కొబ్బరికాయల లారీ తోలీవోడిని, నాకు తెలీదా? అప్పా, డబ్బా నిండా కొబ్బరి నూని. సలికి పేరుకుపోయి రెక్కని కదలనివ్వట్లేదు. ఎండెక్కితే కరిగిపోయి ఏటీ తెలీనట్టు ఆడతంది. ఇదీ దీని సోద్యం."

"మా ఉద్దానంలో పసిగుంటకి కూడా తెలుసు, సలికాలం నూని సీసా ఎండలో పెట్టందే ఒంపలేం. అది సరే. సీసాలో ఉండాల్సింది డబ్బాలోకి ఎలగొచ్చింది?"

"మీ పక్కన అన్నిటికీ అదే గదండి. తలుపు కిర్రుమంటే కొబ్బరి నూని. బండి ఇరుసుకీ అదే, కుట్టు మిషనుకీ అదే. ఎవరో వైపరు బేగి ఆడతాదని తెలీక పోసుంటారు. మంచికే పోసేరు పాపం. కిరసనాయిలుతో కడిగీసి, ఇంజనాయిలు ఒక్క సుక్క రాత్తే సరిపోద్ది. సూరీ తప్పేటీ లేదండి."

"ఎవరో అంటే?"

"ఎవరో... పనోళ్ళెవరో."

"లారీ తాళం పనోళ్ళ కాడుండదు. సూర్రావు నడుముకే ఏలాడుతుంటాది. అయితే పోసింది సూర్రావే."

"అప్పా?"

"తెలివైనోడివి సూర్రావూ. నూని పోత్తే సలికి వైపరు ఆగుతాది. వైపరు ఆగితే లారీ ఆగుతాది. లారీ ఆగితే రావివలసలో టీ. ఎవరైనా అడిగితే ఎండలో తెచ్చి సూపించి, జబ్బు దీనిదే అనొచ్చు."

"మా అమ్మ మీద ఒట్టప్పా. నేను ఆ డబ్బా మూత ఎప్పుడూ ముట్టుకోలేదు. దానికి మూతుందనే ఇయ్యాల తెలిసింది."

"తాళం."

"మావా, నువ్వైనా సెప్పు. నేనలగ సేసీవోడినా? సిన్నప్పట్నుంచి ఎరుగుదువు నన్ను."

"కాదురా. నువ్వు కాదు."

"నాకు కాదు, ఆవిడకి సెప్పు."

"ఆడు కాదండి."

"మరెవరు మేస్త్రీ?"

"మర కింద పడిందండి, ఏరతన్నాను."

"తాళం ఇలగియ్యి సూర్రావూ. పొద్దుపోతంది."

"ఇత్తాను. ఇత్తాను గాని... ఒక్క నిమిషం ఉండప్పా. నా వేలు వాసనొత్తంది. ఇది ఉత్త కొబ్బరి నూని కాదు. ఏదో ఆకు ఏసి కాసేరు. ఘాటుగా, కమ్మగా... ఇది మరువం గదా?"

"నాకేటి తెలుసు? నీ వేలు, నీ ముక్కు."

"మరువమే. అప్పా, మరువం ఏసి కాసిన నూని నువ్వు ఎవులికి ఇచ్చేనన్నావు ఇందాక?"

"నేనేటీ అనట్లేదు సూర్రావూ. అడుగుతున్నది నువ్వే."

"మావా."

"పానా ఎక్కడెట్టేనో."

"నీ సేతిలోనే ఉంది. మావా, ఇటు సూడు."

"సూత్తన్నాను గదరా."

"లారీకేసి సూత్తన్నావు. నాకేసి సూడు. రోజూ నెత్తికి రాసేనన్న నూని ఈ డబ్బాలోకి ఎలగొచ్చింది?"

"మేస్త్రీ, నీ నోరు కూడా సలికి పేరుకుపోయిందేటి? నిన్నూ సీసాలాగ ఎండలో పెట్టాలేటి?"

"ఆడి కొలువు తియ్యకండి. ఆ నూని నేనే పోసేను."

"నువ్వా మావా?"

"నేనే."

"గొట్టం మార్సిన రోజు మర్నాడు, అప్ప నూని సీసా ఇచ్చేక వెనక సక్రం గాలి సూడమన్నాను నిన్ను. అప్పుడేనా?"

"అప్పుడే రా."

"ఎందుకు? నీకు నేనేటి సేసేను? నిన్ను మావా మావా అని తిరిగినోడిని. ఆ ముసురులో నేను ఏ గెడ్డలోనో పడుంటే? నా ఇంటిదాని గతేటి?"

"నువ్వు పడవు రా. సుక్క పడితే బండి ఆపీవోడివని నాకూ తెలుసు. తెలిసే పోసేను."

"మరి నా కొలువు? ఇందాకట్నుంచి ఆవిడ తాళం తాళం అంటంటే నీ నోరు లేవలేదు. నాకు శానా కోపంగా ఉంది మావా."

"కోప్పడరా. తప్పు నాదే."

"సూర్రావూ, ఇంక సాలు. తాళం నీ నడుముకే కట్టుకో. నువ్వెల్లి బజార్లో కిరసనాయిలు తే, ఇది కడగాల."

"నేనెల్లను. ఇది తేలేదాకా కదల్ను. పలాస డ్రైవరుకి ఏటి సెప్తావు అప్పా?"

"పలాసలో నాకు జీడిపిక్కలు కొనీవోడు తప్ప ఎవరూ తెలీదు. డ్రైవరూ లేడు, గీవరూ లేడు."

"లేడా? అంటే నువ్వు నన్ను ఉత్తినే ఏడిపించేవా?"

"ఏడిపించింది నిన్ను కాదు. ఎల్లు."

"నన్ను కాక మరెవుల్ని... ఓహో. ఓలమ్మోలమ్మ. ఉతికిన సొక్కా. గెడ్డం దురద. సీటు స్ప్రింగు. నాకు బుర్ర లేదప్పా, నిజంగా లేదు."

"ఉన్న బుర్రతో కిరసనాయిలు తే."

"ఎల్తన్నాను. నిమ్మళంగా ఎల్తాను. దారిలో టీ కూడా తాగుతాను, ఈపాలి అడక్కండి. మావా, డబ్బా మూత విప్పేవు. ఇంక నీ నోరు కూడా విప్పు."

"పోరా నువ్వు."

"ఎల్లిపోయేడా మేస్త్రీ?"

"ఎల్లిపోయేడండి. మలుపు కాడ నిలబడి ఒకపాలి ఎనక్కి సూసేడు. ఎల్లిపోయేడు."

"ఎందుకు పోసేవు?"

"కొత్త గొట్టం ఏసి అంపేత్తే మల్లీ ఎప్పుడొత్తారో తెలీలేదండి. ఈ లారీకి ఇంకే జబ్బూ లేదు. ఇంజను గుండ్రాయిలాగుంది. శానా దిగులేసింది."

"లారీ బాగోలేకపోతే సూర్రావొత్తాడు. నేనెందుకు వత్తాను?"

"మీరు ఇంకొకళ్ళ మాట నమ్మరు గదండి. మీ కళ్ళతో సూడాల మీకు. రెండుమూడు సార్లు సూరీ ఆలిస్యమైతే మీరే కేబినెక్కి వచ్చీత్తారని అనుకున్నాను."

"లారీని ఎరిగినట్టే ఎరిగేవు నన్ను. నోటితో అడగడానికేటి?"

"ఏటని అడగాలండి?"

"మన ఇళ్ళల్లో మారుమనువు కొత్తేటి కాదు. మా సిన్నత్త పోలమ్మ సేసుకుంది, సుకంగా ఉంది. నీ ఇంటిది పోయి ఎన్నాళ్ళయింది, నా ఇంటాయన పోయి ఎన్నాళ్ళయింది. ఊళ్ళో ఎవరు కాదంటారు?"

"ఊరు కాదనదండి. మీరు కాదంటే? అప్పుడు మీ లారీ ఇంకో షెడ్డుకి ఎల్లిపోద్ది. ఇప్పుడు ముసురుకో గాలికో మిమ్మల్ని సూత్తన్నాను, అప్పుడు అదీ ఉండదు. నాకు భయమేసిందండి."

"మిలిటరీ లారీ ఇంజను ఒక్కడివే దించుతావు. నీకు భయమా?"

"ఇంజను తిరిగి కాదనదు గదండి."

"నీ నెత్తికని నూనిత్తే లారీ నెత్తికి రాసేవు. అంత కట్టపడి కాసేను నేను."

"లేదండి. నాలుగు సుక్కలే ఏసేను. మిగతాది అలగే ఉంది. అదిగో, ఆ గూట్లో, గుడ్డ సుట్టి పెట్టేను."

"అయిపోయిందన్నావు ఇందాక."

"అబద్దమాడేనండి. నెత్తికి రాయబుద్ధి కాలేదు. రాత్తే అయిపోద్ది గదా. సాయంత్రం షెడ్డు మూసీ ముందు బిరడా తీసి వాసన సూసుకుంటాను."

"నవ్వించకు నన్ను. సీసా ఇలగ తే... అవును, మెడ కాడికి ఉంది. అయితే నువ్వేసింది నిజంగా నాలుగు సుక్కలే."

"అమ్మోరి తోడండి. సలికి కొంచెం మందగించాల గాని ఆగిపోకూడదని లెక్కగా ఏసేను. సూరీ పేనం నాకు లెక్కలేదేటి? అదే నాకు అర్దం కావట్లేదు. మూత విప్పినప్పట్నుంచి అదే ఆలోచిత్తన్నాను. నేనేసింది ఈపాటికి తోలు రెక్క తాగీసుండాల. ఇదేమో అంచుల దాకా ఉంది. వాసన సూత్తే అదే మరువం, అదే నూని. గిద్దెడు నూని ఎక్కడ్నుంచి వచ్చిందండి?"

"ఆ రోజు నువ్వు డబ్బా పైన నూని పోసే కన్నం మూత కాణీతో తిప్పేవు. తిప్పేక రోడ్డుకేసి అటూ ఇటూ సూసేవు, దొంగలాగ."

"మీకెలగ తెలుసు? మీరు బండి వెనక నిలబడి సూరీతో మాటాడతన్నారు గదా."

"పక్క అద్దంలో కనిపించేవు. ఇల్లు సేరేదాకా కొంగు అడ్డమెట్టుకుని నవ్వుకున్నాను. ఎందుకు పోసేవో నాకు తెలుసు. ఇంక వైపరు ఆగుతాది, ఇంక నేనెల్లాల అని కాసుకు కూకున్నాను. దీపాలెల్లిపోయాయి. సలొచ్చింది, ఒక ముసురొచ్చి పోయింది. సూర్రావు రోజూ వేళకి ఎల్తన్నాడు, వేళకి వత్తన్నాడు. దిక్కుమాలిన వైపరు ఆడతానే ఉంది."

"మరి ఎలగ ఆగిందండి?"

"నీ నాలుగు సుక్కలని నమ్ముకుంటే నేను ముసలిదాన్నైపోదును. మా ఇంటి అట్లకాడ అంచుతో మూత తిప్పి, మిగతాది నేనే పోసేను బావా."